నది లేని ఊరు, నాలుగు ఆదివారాలు: బెంగళూరులో వరల్డ్ బిల్డింగ్ సెషన్లకు పోయొచ్చినాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది కొంచెం పొడుగు రివ్యూ. వరల్డ్ బిల్డింగ్ అంటే మనం ఆడే కథకు ఊళ్ళు, మనుషులు, మ్యాపుతో సహా ఒక లోకం కట్టుకోవడం. టైం లేనోళ్ళకు ఒక్క ముక్కలో: మూడో ఆదివారం తీసేస్తే పెట్టిన డబ్బులకు న్యాయం జరిగింది, కాఫీ మాత్రం ఇంటి దగ్గరే తాగి పోండి.

మేం నలుగురం. నాది అనంతపురం, ఒకడు వరంగల్, ఒకడు గుంటూరు, ఇంకొకమ్మాయిది నెల్లూరు, అందరం బెంగళూరులోనే ఉద్యోగాలు, ఏడాదిన్నరగా శనివారం రాత్రుళ్ళు మా ఫ్లాట్లో డీ అండ్ డీ, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఆడుతున్నాం. తెలీనోళ్ళకు రెండు లైన్లు: కంప్యూటర్ గేమ్ కాదు, టేబుల్ చుట్టూ కూర్చుని ఆడేది, ఒకరు డీఎం అంటే కథ నడిపే మనిషి, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర, ఏం చేస్తామో నోటితో చెప్తాం, అది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్ళు అచ్చేసిన ఆట. రూల్స్ కి డబ్బులు కూడా పెట్టక్కర్లేదు, 5.1 రూల్స్ డాక్యుమెంట్ ని 2023లో క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్స్ కింద వదిలేశారు, పీడీఎఫ్ ఉట్టిగానే దింపుకోవచ్చు.

మా టేబుల్ కి డీఎం నేనే. రెడీమేడ్ కథలు రెండు ఆడేశాక సొంతంగా ఒక లోకం కట్టాలని బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. కూర్చుని రాశా, రెండు నెలలు. పదమూడు తరాల రాజుల వంశవృక్షం, మూడు భాషలు, వాటికి లిపులు, ఇంకార్నేట్ అనే మ్యాపులు గీసే టూల్ లో ఖండం మొత్తం మ్యాపు, అందులో కొండలు ఎక్కడ పెట్టాలో తేల్చుకోడానికే నాలుగు రాత్రులు పట్టింది. టూల్ తప్పేం లేదు, టూల్ బాగుంటుంది, తప్పంతా నాది. తీరా ఆటకు కూర్చున్న రోజు గుంటూరోడు నోరు తెరిచి అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "ఈ ఊళ్ళో భోజనం ఎక్కడ దొరుకుద్ది మామా?" నా దగ్గర పదమూడు తరాల రాజులున్నారు గానీ ఒక్క హోటల్ లేదు. అప్పటికప్పుడు "టావెర్న్ ఉంది" అన్నా, అంటే ఇట్లాంటి కథల్లో ఉండే తిండీ మందూ దొరికే సత్రం. పేరేంటన్నాడు. "గోల్డెన్ డ్రాగన్" అన్నా. నెల్లూరమ్మాయి "ఏందన్నా, చైనీస్ రెస్టారెంటా?" అనేసరికి ఇంక ఆ రాత్రి ఆట సాగలేదు, నవ్వులే.

ఆ కడుపు మంటలో ఉన్నప్పుడు కంటపడింది ఈ సెషన్. ఇందిరానగర్ వైపు ఒక బోర్డ్ గేమ్ కఫే, అక్కడ నాలుగు ఆదివారాలు కూర్చోబెట్టి మన క్యాంపెయిన్ కి, అంటే వారాల తరబడి సాగే కథకి, మన లోకాన్ని మన చేతే కట్టిస్తారంట. కఫే పేరు రాయట్లేదు. చిన్న చోటు, నలుగురు కలిసి నడుపుకుంటున్నారు, నేను కింద కొన్ని మైనస్సులు కూడా రాస్తా, దానివల్ల వాళ్ళ పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. మనిషికి 2,400, రోజుకు మూడు గంటలు, అంటే గంటకు 200 పడింది. మల్టీప్లెక్స్ లో పాప్‌కార్న్ కొనే మొహాలం మనం, దీనికి ఆలోచించేదేముంది అని నలుగురం కట్టేశాం.

చోటు గురించి గబగబా చెప్పేస్తా. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఆరు టేబుళ్ళు, మా పక్క టేబుల్లో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు పందెం గెలిచినట్టు అరుస్తానే ఉంటారు. ఏసీ గాలి ఒక్క టేబుల్ కే తగులుతుంది, అది మాది కాదు. ఫిల్టర్ కాఫీ 180 రూపాయలు. ఫిల్టర్ కాఫీకి 180 ఏందప్పా ఈ ఊర్లో, కిందికి దిగి సందు మలుపు తిరిగితే దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, గ్లాసు కాఫీ దాంట్లో పదో వంతుకు పోస్తాడు. హెక్స్ పేపర్ (మ్యాపు గీసుకునే ఆరు మూలల గడుల కాగితం), పెన్సిళ్ళు, పాచికలు వాళ్ళే ఇస్తారు, అవి మంచివే.

ఇంక అసలు సంగతి. సెషన్ నడిపే ఆయన కన్నడిగుడు, మా కంటే ఒక పదేళ్ళు పెద్ద, తెలుగు సినిమాల పుణ్యమా అని తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడ్డం మాత్రం కన్నడ, ఇంగ్లీషు కలిపి. మొదటి రోజే నా మ్యాపు ప్రింటు గర్వంగా టేబుల్ మీద పరిచా. ఒక నిమిషం చూశాడు, బాగుంది గురూ అన్నాడు, మడత పెట్టి నా బ్యాగులోనే పెట్టేశాడు. "నాలుగు వారాలు దీన్ని బయటికి తీయొద్దు." నాకైతే చాలా మండింది.

తర్వాత అడిగాడు, మీ ఊర్లో నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి అని. నది ఉంది సార్ అన్నా. ఏ నది, ఎక్కడ పుడుతుంది, పైనుండే ఊరోళ్ళకు కోపమొచ్చి ఆపేస్తే మీవాళ్ళు ఏం చేస్తారు? ఏమో. ఊరన్నాక నది ఉండాలి కదా అని గీశా అంతే. "సరే, ఇప్పుడు మనం కూర్చున్న ఊరికి నది ఏది?" నలుగురం మొహాలు చూసుకున్నాం. తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా ఈ ఊర్లో, ఎప్పుడూ తట్టలేదు, బెంగళూరుకు చెప్పుకోదగ్గ నది లేదు.

ఆయన కాగితం మీద ఒక గీత గీసి చూపించాడు. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఒక గట్టు మీద కూర్చుంది. పడమటి వైపు పడిన వాన వృషభావతి, అర్కావతి మీదుగా కావేరికి పోతుంది, తూర్పు వైపు పడింది దక్షిణ పినాకినికి, అంటే తమిళనాడుకు. ఇప్పుడు మన కుళాయిల్లో వచ్చే కావేరి నీళ్ళు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపులు పెట్టి పైకెక్కించి తెచ్చినవి. దక్షిణ పినాకిని అనగానే నెల్లూరమ్మాయి ఆగమంది, "మా పెన్నను ఉత్తర పినాకిని అంటారు గదా సార్, అదీ మీ నంది కొండల కాడే పుడుతుందంట?" అవును, అదే. అక్కణ్ణుంచి బయల్దేరి మా అనంతపురం మీదుగా వీళ్ళ నెల్లూరు చేరి సముద్రంలో కలుస్తుంది. నేనూ ఆ అమ్మాయీ ఒకే నదికి ఆ చివర ఈ చివర. మా దగ్గర పెన్నంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే, వాళ్ళ దగ్గర వరి చేలు. ఒకే నది మీద ఇద్దరికి రెండు లోకాలున్నాయని ఆయన చెప్పకుండానే మాకు ఎక్కింది, ఆ మొదటి మూడు గంటలకే నా 2,400 లో సగం వసూలు.

రెండో ఆదివారం పొద్దున ఏడింటికి లాల్‌బాగ్ కి రమ్మన్నాడు. ఆదివారం ఆ టైంకి లేవాలంటే మా వరంగలోడికి ప్రాణసంకటం, దారంతా సణుగుతానే ఉన్నాడు. కెంపేగౌడ గోపురం ఉంటుందే, ఆ బండ ఎక్కించాడు. ఆ బండ వయసు మూడు వందల కోట్ల ఏళ్ళు. నా పదమూడు తరాల రాజులు గుర్తొచ్చి సిగ్గేసింది. అక్కడ నిలబెట్టి తలా ఒక కాగితం ఇచ్చి, ఇప్పుడు వాన పడితే నీళ్ళు ఎటు పోతాయో గీయమన్నాడు. కింద చెరువు కనపడుతుంటే గీయడం ఎంతసేపు. చెరువు నిండితే? అలుగు పారుతుంది. ఆ నీళ్ళు? కింద ఇంకో చెరువుకు. అది నిండితే దాని కింది దానికి. గొలుసుకట్టు. వరంగలోడికి అప్పుడు దిగింది మత్తు. "అరే, ఇది మా కాకతీయుల ముచ్చటే గదా సార్" అని మొదలుపెట్టాడు, రామప్ప, పాకాల, లక్నవరం అంటూ ఆపితే ఒట్టు. "రామప్ప గుడి 1213ల కట్టిన్రు, 2021ల యునెస్కో గుర్తింపొచ్చింది, గుడి చూడనీకి అందరొస్తరు, పక్కన చెరువుంటది గదా, దాన్ని ఎవ్వడు పట్టించుకోడు" అని వాడి బాధ.

ఆయన చెప్పిన ఇంకో సంగతి నాకు ఇప్పటికీ పట్టుకుని వదల్లేదు. మనం ఊరికి పోవడానికి బస్సెక్కే మెజెస్టిక్ ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం ఉన్నచోట సంపంగి చెరువు. "మీ లోకంలో కూడా ఒక చెరువును పూడ్చేయండి. దాని మీద ఏం కట్టారో రాయండి. ఆ చెరువు కట్ట మీద ఒక దేవత ఉండేది కదా, ఆమె ఇప్పుడు ఎక్కడుందో రాయండి. అంతే, ఇంక రాయొద్దు." రెండు నెలలు నేను రాసిన దాంట్లో ఇంత కథ లేదు, నిజంగా.

దేవత అనగానే నాకు మా బుక్కరాయసముద్రం గుర్తొచ్చింది. అనంతపురం పక్కనే, పెద్ద చెరువు. కట్ట తెగబోతుంటే ముసలమ్మ అనే కోడలు పిల్ల తనను తాను బలి ఇచ్చుకుని ఊరిని కాపాడిందని మా వైపు చెప్పుకుంటారు, మా అవ్వ చెప్తే ప్రతిసారీ ఏడ్చేవాణ్ణి. పేరు ముసలమ్మ గానీ వయసులో చిన్నది, అదే ఇంకా బాధ. అది చెప్పగానే టేబుల్ మీద, అంటే బండ మీద, అందరూ చప్పుడు చేయకుండా అయిపోయారు. తర్వాత ఆయనే అడిగాడు, తూము ఎవరి చేతిలో ఉంటుంది మీ దగ్గర అని. నీరుగంటి అన్నా. మా కన్నడలో కూడా అదే మాట అన్నాడు. వరంగలోడు, మా దిక్కు నీరటి అంటరు అన్నాడు. గుంటూరోడికి మాత్రం కాలవలు, లాకులు తప్ప ఇదేం తెలీదు, కృష్ణ డెల్టా పిల్లోడు, నీళ్ళంటే వాటంతట అవే వస్తాయనుకునే రకం. మా లోకంలో రాజు కంటే నీరుగంటి పెద్దోడని అక్కడే తేలిపోయింది.

పేర్లు పెట్టేటప్పుడు ఇంకో తమాషా. పై చెరువు దగ్గరి ఊరికి తలసముద్రం అని పెట్టా. గుంటూరోడు, "సముద్రం ఉందా? అయితే నా క్యారెక్టర్ పడవ నడిపేవాడు" అన్నాడు. లేదురా, మా వైపు చెరువునే సముద్రం అంటాం అన్నా. వాడు కాసేపు చూసి, "చెరువుకి సముద్రం అని పేరెట్టుకున్నారంటే నీళ్ళకి ఎంత మొహం వాచిపోయారు మామా మీరు" అన్నాడు. కోపమొచ్చింది గానీ ఆ మాటను అట్లే నోట్స్ లో రాసుకున్నా, ఇప్పుడు ఆ లోకంలో కింది ఊళ్ళోళ్ళు పై ఊళ్ళోళ్ళను ఎగతాళి చేసే మాట అదే. మధ్యలో అలుగుదుర్గం, చిట్టచివర కడగుంట. డ్రాగన్ పేర్లు ఒక్కటీ లేవు. టావెర్న్ పోయి పూటకూళ్ళ ఇల్లు వచ్చింది, ఆ పూటకూళ్ళమ్మకు ఊరి సంగతులన్నీ తెలుసు, మూడు చెప్తే అందులో ఒకటి అబద్ధం. సాహసాల పనులు అంటించే క్వెస్ట్ బోర్డు పీకేసి దండోరా పెట్టాం.

దూరాల లెక్క కూడా మార్చేశాం. హెక్స్ మ్యాపుల్లో చాలామంది ఒక గడి ఆరు మైళ్ళని పెట్టుకుంటారు, డీ అండ్ డీ రూల్స్ లో మామూలు నడక రోజుకు 24 మైళ్ళు, గడికి ఆరు చొప్పున నాలుగు గడులు. ఆమడంటే సుమారు ఎనిమిది మైళ్ళని మా తాత లెక్క. ఒక గడి ఒక ఆమడ అనుకుంటే రోజుకు మూడు గడులు, లెక్క కూడా కుదిరింది! ఇప్పుడు ఆటలో "కడగుంట ఎంత దూరం" అంటే "ఐదు ఆమడలు, రేపు సాయంత్రానికి" అని నోటికి వచ్చేస్తుంది, కాలిక్యులేటర్ అక్కర్లేదు. ఇది మేం కనిపెట్టిందే, ఆయన కూడా మెచ్చుకున్నాడు, కొంచెం గొప్ప చెప్పుకోనివ్వండి.

మూడో ఆదివారం. ఆయన సెలవు, బదులు ఇంకో కుర్రాడు వచ్చాడు. మంచోడే, కానీ పీపీటీతో వచ్చాడు. అరగంట లేటు. దేవుళ్ళ టేబుల్ నింపమన్నాడు, యుద్ధానికి ఒకరు, చావుకు ఒకరు, వ్యవసాయానికి ఒకరు, ఆఫీసులో డిపార్ట్‌మెంట్లలాగా. మా ఊళ్ళల్లో అట్లుండదు భయ్యా అని చెప్పి చూశాం. ఏడుగురు అక్కచెల్లెళ్ళు, తమ్ముడు పోతురాజు, ఊరి పొలిమేరలో కూర్చుంటుంది అమ్మ, జబ్బు తెచ్చేదీ ఆమే, పోగొట్టేదీ ఆమే, జాతర చేయకపోతే అలుగుతుంది, ఆమెను ఏ కాలమ్ లో రాయమంటావ్? "మోస్ట్ రెలెవెంట్ డొమైన్ సెలెక్ట్ చేయండి" అన్నాడు. నెల్లూరమ్మాయి పెన్ను కింద పెట్టేసింది. తర్వాత గంటన్నర వెయ్యేళ్ళ టైమ్‌లైన్. నేను రెండు నెలలు ఇంట్లో కూర్చుని చేసిన తప్పే ఇది, ఈసారి డబ్బులిచ్చి చేయించుకున్నా. మనిషి మారితే సర్వీసు మొత్తం మారిపోతుందంటే అది సర్వీసు కాదు, ఆ మనిషి గొప్ప అంతే, కఫేవాళ్ళు దీన్ని సరిచేసుకోవాలి. ఆ వారానికి డబ్బులు వెనక్కి అడిగితే ఒక కాఫీ ఫ్రీ అన్నారు. ఆ 180 రూపాయల కాఫీ.

నాలుగో వారం పెద్దాయన వచ్చాడు, టైమ్‌లైన్ చూసి నవ్వి, దాన్నీ నా బ్యాగులోనే పెట్టించాడు. ఆ రోజు ఆట. ఆయనే డీఎం, నేను చాలా రోజులకు ప్లేయర్ గా కూర్చున్నా. మేం రాసుకున్నది మొత్తం రెండు పేజీలు, మ్యాపులో మూడో వంతు తెల్ల కాగితమే. ఒక్క సమస్య: తలసముద్రం నీరుగంటి కనిపించట్లేదు, తూము మూసే ఉంది, కింది ఆరు చెరువులు ఎండుతున్నాయి. వాడు ఏమయ్యాడన్నది మేం రాయబోతే ఆయన రాయనివ్వలేదు.

దారిలో ఎదురయ్యేవాటికి రెండు ఆరు ముఖాల పాచికల టేబుల్ చేసుకున్నాం. మొత్తం 7 పడటానికి 36లో 6 దారులు, 12కు ఒక్కటే, అందుకని 7 దగ్గర సంతకు పోయే ఉప్పు బండ్లు, 12 దగ్గర కొరివి దయ్యం. దయ్యానికి కొత్తగా ఏం రాయలేదు, రూల్స్ లో ఉన్న విల్ ఓ విస్ప్ కే పేరు మార్చాం, పని సులువు. గుంటూరోడు మొదటిసారి విసిరాడు. రెండు ఆర్లు. వాడి చెయ్యి అట్లాంటిది.

దాని ఏసీ, అంటే దెబ్బ తగలాలంటే మనం చేరాల్సిన అంకె, 19. మేం లెవెల్ 1, అంటే ఇంకా మొదటి మెట్టు, నాకు దాడికి పాచిక అంకె మీద ప్లస్ 5, అంటే పాచిక మీద 14 గానీ ఆ పైన గానీ పడితేనే దెబ్బ తగిలేది. మూడు రౌండ్లు ఒక్కటీ తగల్లేదు, వరంగలోడి పాత్ర అప్పటికే కింద పడిపోయింది, ఇంక మొదటి రోజే అందరం పోతాం అనుకుంటుంటే నెల్లూరమ్మాయి "దయ్యాన్ని కొట్టడం దేనికన్నా, ఏం కావాలో అడిగితే పోలా?" అంది. ఆయన వెంటనే పాచికలు పక్కన పెట్టేసి, అడుగు అన్నాడు. అడిగింది. "ఎవరు నువ్వు" అని కాదు, "తూము తాళం ఎక్కడ పెట్టినావ్" అని. టేబుల్ మీద ఒక క్షణం ఎవరూ మాట్లాడలేదు, పక్క టేబుల్ అరుపులు కూడా వినపడలేదు నాకు. ఆ దయ్యమే నీరుగంటి అని మాలో ఎవరమూ రాయలేదు, ఆయనా రాసుకు రాలేదంట, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నతో అప్పుడు పుట్టింది. నేను రెండు నెలలు రాసిన లోకంలో ఆమె ఆ మాట అనడానికి సందే లేదు, అన్నీ నేనే నింపేసి పెట్టుకున్నా కదా.

చివర్లో ఇస్తామన్న ఏ3 మ్యాపు ప్రింటు గురించి కూడా చెప్పాలి. కలర్ బాగుంది, కాగితం మందంగా ఉంది, కానీ వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ కి తెలుగు ఒత్తులు రావు. అలుగుదుర్గంలో ర ఒకచోట, గ ఇంకోచోట, మధ్యలో ఒక చుక్కల సున్నా. ఇంగ్లీషు లిపిలో వేస్తామన్నారు, వద్దన్నాం. పేర్లు లేకుండా ప్రింట్ తీయించుకుని నెల్లూరమ్మాయి స్కెచ్ పెన్నుతో చేత్తో రాసింది, ఇప్పుడు మా హాల్లో గోడకు అదే ఉంది, ఓనర్ వచ్చి ఇదేం సైట్ ప్లాటింగ్ అని అడిగి పోయాడు.

ఎవరికి పనికొస్తుందంటే, నాలాగా రాసీ రాసీ ఆడనోళ్ళకు బాగా. అసలు ఒక్కసారి కూడా ఆడనివాళ్ళు మాత్రం ముందు ఎక్కడన్నా రెండు మూడు ఆటలు ఆడి పోండి, లేకపోతే సగం మాటలు అర్థం కావు. నవల రాసుకోడానికి లోకం కట్టాలనుకునేవాళ్ళకు ఇది కాదు, ఇక్కడ అంతా టేబుల్ మీద ఆడ్డం కోసమే. కట్టే ముందు ఒకటి గట్టిగా అడగండి, నాలుగు వారాలూ ఒకే మనిషి నడుపుతాడా అని. గ్రూపుగా పోతే మంచిది, ఒక్కరే పోతే ఎవరి ఊరి కథలు వాళ్ళకు రావు, మాకు పనికొచ్చింది అదే.

ఐదుకు మూడున్నర. పెద్దాయన ఒక్కడికైతే ఐదు. పార్కింగ్ లేదు, ఇందిరానగర్ మెట్రోలో దిగి నడిచిపోండి, దర్శినిలో కాఫీ తాగి మెట్లెక్కండి.